స్టీవెన్స్, సమ్నర్: ఇద్దరు న్యాయవాద శాసనకర్తలు
బానిసత్వాన్ని ఎదిరించిన ఈ ఇద్దరు అమెరికన్ న్యాయవాదులలో హార్వర్డ్‌లో చదివిన చార్లెస్ సమ్నర్, బోస్టన్ బడుల్లో నల్లజాతి పిల్లలను వేరుగా ఉంచడాన్ని సవాలు చేస్తూ 1849లో వాదించి, ఓడిపోయారు. థాడియస్ స్టీవెన్స్ మాత్రం గెటిస్‌బర్గ్‌లో ప్రాక్టీసు చేస్తున్న తొలినాళ్లలో, స్వేచ్ఛ కోరి కోర్టుకెక్కిన ఛారిటీ బట్లర్ అనే స్త్రీకి వ్యతిరేకంగా, ఆమె యజమాని పక్షాన నిలిచి 1821లో గెలిచారు. ఆయన అభిమానులు సైతం దీన్ని దాటవేయకూడదు.

చట్టసభలో తేడా మరింత స్పష్టం. సెనేటర్ సమ్నర్‌కు రాజీ గిట్టదు. జాతి కారణంగా ఓటు నిరాకరించే రాష్ట్రాలకు ప్రాతినిధ్యం తగ్గించేలా స్టీవెన్స్ 1866లో ప్రతినిధుల సభలో నెగ్గించిన రాజ్యాంగ సవరణను సమ్నర్ తీవ్రంగా వ్యతిరేకించగా, అది సెనేట్‌లో వీగిపోయింది. స్టీవెన్స్ దొరికినంత దక్కించుకునే మనిషి: పౌరసత్వం, చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చే పద్నాలుగో రాజ్యాంగ సవరణ తాను కోరినంత లేదని సభలోనే చెప్పి, దానికే ఓటేశారు. పని జరగడమే కొలమానమైతే నా మొగ్గు స్టీవెన్స్ వైపే, అయితే సమ్నర్ కోర్టులో ఓడిన ఆ వాదనే 1855లో బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో చట్టమైంది.