పెళ్లి పిలుపులు: అచ్చు కార్డు, వాట్సాప్ కార్డు, ఆన్‌లైన్ ఫారం... ఏది మేలు?

ముందే చెప్పేస్తాను, హైదరాబాద్‌లో పెళ్లి పెట్టుకున్నవాళ్లు అచ్చు కార్డు పూర్తిగా మానేయొద్దు, అలాగని వెయ్యి కార్డులు కొట్టించనూ వద్దు. ఇంటికెళ్లి పిలవాల్సినవాళ్లకి అచ్చు కార్డు ఇవ్వండి. మిగతావాళ్లకి ముందు ఫోన్ చేసి ఆ తర్వాత వాట్సాప్‌లో కార్డు పంపండి. వస్తున్నారా లేదా అని ఆన్‌లైన్ ఫారంలో జవాబు మాత్రం బయటి ఊళ్ల నుంచి వచ్చి ఉండేవాళ్లనీ, రిసెప్షన్‌కి వచ్చే స్నేహితులనీ అడిగితే చాలు. మా తమ్ముడి పెళ్లి పనులు దగ్గరుండి చూశాక నాకు గట్టిగా అనిపించింది ఇదే.

పాతబస్తీలో ఛత్తా బజార్‌కి వెళ్తే వరసగా కార్డుల షాపులే, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఏది కావాలన్నా అచ్చేసి ఇస్తారు, 20 రూపాయల కార్డు నుంచి వందల్లో పలికే బాక్సు కార్డు దాకా దొరుకుతాయి. అయితే అసలు భారం కార్డు ధర కాదు, పంచడం. కూకట్‌పల్లి నుంచి వనస్థలిపురం వెళ్లి ఒక ఇంట్లో టీ తాగి, అక్కడి నుంచి అల్వాల్‌లో ఇంకో ఇంటికి వెళ్లొచ్చేసరికి ఆదివారం అయిపోతుంది, పెళ్లికి నెల ముందు ఉండేవే నాలుగు ఆదివారాలు. అందుకే చాలామంది అందరికీ వాట్సాప్‌లో పెట్టేద్దాం అంటున్నారు. నేను ఒప్పుకోను. మా తమ్ముడు మేనత్తకి ముందు ఫోన్‌లోనే కార్డు పంపాడు, ఆమె చూసి వెంటనే ఫోన్ చేసి "కార్డు మంచిగుంది బిడ్డా, మరి పిలవనీకి ఎప్పుడొస్తున్నరు?" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. అమ్మానాన్న ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, కార్డు చేతిలో పెట్టి, మీరే ముందుండి జరిపించాలి అంటేనే ఆమెకి పిలిచినట్టు. మేనత్తలు, మేనమామలు, పెళ్లిలో ఏదో ఒక పనికి పీటల దగ్గర ఉండాల్సినవాళ్లు, ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, వీళ్ల దగ్గరికి వెళ్లకుండా మిగుల్చుకున్న ఆదివారం మనకెందుకు చెప్పండి?

కాగితం కార్డుకి ఇంకో రెండు పనులున్నాయి. పసుపు రాసిన మొదటి కార్డు దేవుడి దగ్గర పెడతాం, తిరుమల శ్రీవారి పేరున టీటీడీకి పంపేవాళ్లూ చాలామంది, అక్కడి నుంచి ఆశీస్సులతో అక్షింతలు వస్తాయి. పెళ్లయ్యాక రిజిస్ట్రేషన్‌కి వెళ్తే ఫొటోలు, వయసు, చిరునామా రుజువులతో పాటు పెళ్లి పత్రిక కూడా అడుగుతారు. అందుకని ఎంత డిజిటల్ అభిమానులైనా కొన్ని కొట్టించి ఉంచుకోవాలి. మామూలు మధ్యతరగతి పెళ్లికి 150 నుంచి 200 చాలని నా అభిప్రాయం.

ఇక వాట్సాప్ కార్డు. పిలుపుగా దీనికి బలం తక్కువ, సమాచారంగా మాత్రం దీన్ని మించింది లేదు. హైదరాబాద్‌లో ఒకే పేరుతో రెండు మూడు చోట్ల ఫంక్షన్ హాళ్లుంటాయి, శంషాబాద్ వైపు ఒకటి, మేడ్చల్ వైపు ఒకటి ఉంటే అచ్చు కార్డులో అడ్రసు చదివి కూడా తప్పుగా వెళ్లేవాళ్లున్నారు, కార్డు కింద మ్యాప్ లింక్ పెడితే ఆ బాధ తప్పుతుంది. లోపలికి దారి ఏ గేటు, పార్కింగ్ ఎటు అన్నది కూడా రెండు ముక్కలు రాయండి.

వీడియో కార్డుల మీద మాత్రం నాకు పెద్దగా నమ్మకం లేదు. రెండు నిమిషాలు పూలు రాలుతూ, పాట వస్తూ, చివర్లో ఎక్కడో ముహూర్తం టైమ్ కనిపిస్తుంది, పెళ్లి రోజు పొద్దున ఆటోలో కూర్చుని టైమ్ వెతుక్కునేవాళ్లకి అది ఎందుకూ పనికిరాదు. వీడియో సరదా అయితే చేయించుకోండి, దాంతో పాటు తేదీ, వారం, టైమ్, హాలు, ఏరియా అన్నీ ఒకేచోట కనిపించే ఒక్క ఫొటో కార్డు తప్పకుండా పంపండి. అర్ధరాత్రి దాటాక ముహూర్తం ఉంటే మరీ జాగ్రత్త. అచ్చు కార్డులో మన పెద్దలు శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం అని విడమరిచి రాయిస్తారు. రెడీమేడ్ డిజిటల్ డిజైన్లలో చాలావాటికి తేదీకి ఒకటే గడి ఉంటుంది, అందులో శనివారం 2:30 అని పడితే సగం మంది శనివారం మధ్యాహ్నం అనుకునే ప్రమాదం ఉంది. రెండు రోజుల పేర్లూ రాయాల్సిందే.

పంపడంలో కూడా ఒక కిటుకుంది. ఒకే మెసేజ్‌ని అందరికీ విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు కానీ, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. పెళ్లికొడుకు నంబరు ఎంతమంది చుట్టాల ఫోన్లలో ఉంటుంది? నాన్న నంబరే ఉంటుంది. కాబట్టి చుట్టాలకి నాన్న ఫోన్ నుంచి, స్నేహితులకి పెళ్లికొడుకు ఫోన్ నుంచి పంపాలి. హాలో టైమో మారితే పాత ఫొటో మనం డిలీట్ చేసినా అప్పటికే ఫార్వర్డ్ అయినవి తిరుగుతూనే ఉంటాయి. మార్పు జరిగే అవకాశం ఉందనిపిస్తే ఫొటో పంపడం నాలుగు రోజులు ఆపడమే మంచిది.

ఇప్పుడు అసలు చిక్కు, ఆన్‌లైన్ జవాబులు. కార్డు మీద సకుటుంబ సపరివార సమేతంగా రమ్మని వేడుకుని, దాని కిందే ఎంతమంది వస్తున్నారో ఇక్కడ నొక్కండి అంటే పెద్దవాళ్లకి మనసు కష్టపడుతుంది, మా విస్తరాకులు లెక్కపెడుతున్నారా అనిపిస్తుంది. అలాగని పెళ్లివాళ్ల ఇబ్బంది చిన్నది కాదు. కేటరింగ్‌వాళ్లకి నాలుగు రోజుల ముందు ప్లేట్ల లెక్క చెప్పాలి, తక్కువమంది వచ్చినా చెప్పినన్నిటికీ కట్టాల్సిందే, ఎక్కువమంది వస్తే ఆఖరి పంక్తికి కూరలు అందవు, ఆ మాట ఏళ్లపాటు పడాలి.

పైగా మన పెళ్లిళ్లన్నీ కొన్ని ముహూర్తాల మీదే పడతాయి. మూఢం వెళ్లగానే ఒకే రోజు ఒక్కో ఇంటికి మూడు నాలుగు పెళ్లిళ్లు, భార్య ఒకదానికి, భర్త ఒకదానికి, మూడోదానికి కొడుకుని పంపడం, అదీ ఆ రోజు ట్రాఫిక్ చూసుకుని తేల్చుకోవడం. ఉప్పల్‌లో ఉండే మనిషి పదిహేను రోజుల ముందు ఫారంలో నలుగురం వస్తున్నాం అని నింపితే అది అబద్ధం కాదు, ఆ రోజుకి అతనికి తెలిసింది అంతే.

అందుకే ముహూర్తం భోజనాల లెక్కకి ఫారం కంటే ఇంటి పెద్దల లెక్కే నయం. మా పెద్దనాన్న చుట్టాల లిస్టు ముందు పెట్టుకుని, ఈ ఇంటి నుంచి ఇద్దరే వస్తారు, వీళ్లు ఊళ్లో జీపు మాట్లాడుకుని పన్నెండు మంది వస్తారు అని రాయించారు, అనుమానం ఉన్న ఇళ్లకి ఒక్కో ఫోన్ చేశారు. ఒక్కో వైపు చుట్టాలకి ఒకరిని బాధ్యుణ్ని చేసి, కేటరింగ్‌కి చెప్పే ముందు రోజు ఇలా కూర్చుంటే సరిపోతుంది. ఫ్యామిలీ గ్రూపులో పోల్ పెట్టడం మాత్రం వద్దు, ఎవరు దేనికి నొక్కారో అందరికీ కనిపిస్తుంది, రాలేనివాళ్లు అందరి ముందూ రాము అని ఎందుకు చెప్పాలి?

ఫారం నిజంగా గెలిచేది గదుల దగ్గర. బయటి ఊళ్లవాళ్లు ఏ రోజు దిగుతున్నారు, సికింద్రాబాద్‌లోనా, కాచిగూడలోనా, కొత్తగా తయారైన చర్లపల్లి రైల్వే స్టేషన్‌లోనా, రాత్రికి గది కావాలా, పెద్దవాళ్లు మెట్లెక్కగలరా, ఎవరికైనా షుగర్ ఉందా, ఇవన్నీ ఫోన్‌లో విని గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు, గూగుల్ ఫారంలో అయితే ఉచితంగానే అన్నీ ఒక షీట్‌లోకి వచ్చి చేరతాయి. గమనించండి, ఇక్కడ ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే మనం అడుగుతున్నది వాళ్ల సౌకర్యం. ఎంతమంది వస్తారన్నది కూడా గదుల ప్రశ్నలోనే తెలిసిపోతుంది.

ప్రశ్నలు తెలుగులో, ఐదారుకి మించకుండా పెట్టండి. ఒకరికి ఒకే జవాబు అనే సెట్టింగ్ ఆన్ చేస్తే గూగుల్ లాగిన్ అడుగుతుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు, దాన్ని ఆఫ్‌లోనే ఉంచి రెండుసార్లు వచ్చిన పేర్లు మనమే తీసేసుకోవడం నయం. "చూద్దాం" అనే ఆప్షన్ పెట్టకండి, అందరూ దాన్నే నొక్కుతారు. లింక్ పెద్దమ్మకి కాకుండా వాళ్లింట్లో చదువుకునే అమ్మాయికి పంపితే సాయంత్రానికి జవాబు వస్తుంది. సంగీత్, హల్దీ లాంటి చిన్న వేడుకలకి, ఆఫీసు స్నేహితుల రిసెప్షన్‌కి కూడా ఫారం బాగా పనిచేస్తుంది, వాళ్లకి ఈ పద్ధతి అలవాటే.

నింపినవాళ్ల ఫోన్ నంబర్లు ఉన్న షీట్‌ని లింక్ ఉన్న ఎవరైనా చూసేలా వదలొద్దు, గదులు చూసే ఇద్దరికి ఇస్తే చాలు. ఇంకొకటి, పెళ్లి కార్డు పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ అయ్యే ఫైల్) పంపి ఫోన్‌లోకి దూరే మోసాల గురించి పోలీసులు చాలాసార్లు హెచ్చరించారు. అందుకని మనం కార్డు పంపేటప్పుడే మేం ఫొటో లేదా పీడీఎఫ్ మాత్రమే పంపుతున్నాం, ఇన్‌స్టాల్ చేయమని అడిగేది ఏదొచ్చినా తెరవకండి అని ఒక లైన్ రాయాలి. ఎవరైనా నొక్కేసి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పండి.