ఆకుపచ్చ కోటు కుడి జేబు, అందులో తిరిగిన పాత నవలలు

కోటు కొని రెండు చలికాలాలు గడిచాయి. రంగు, కాలర్, గుండీలు ఫొటో చూస్తే ఎవరికైనా తెలిసిపోతాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది జేబు గురించి. మోకాళ్లు దాటి కిందికి దిగే ముదురాకుపచ్చ కార్డురాయ్ కోటు ఇది. ట్రయల్ రూములో వేసుకుని అలవాటు కొద్దీ జేబులో చెయ్యి పెట్టాను. మణికట్టు దాటి ఇంకా లోపలికి వెళ్లింది. అద్దం వైపు చూడటం మానేసి, బ్యాగులో ఉన్న పుస్తకం తీసి ఆ జేబులో వేశాను. మొత్తం మునిగిపోయింది, పై అంచు కూడా కనబడలేదు. ఇంకేమీ ఆలోచించకుండా కొనేశాను.

ఆడవాళ్ల బట్టలు కొనేవాళ్లకి ఇదెంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. నా జీన్స్ జేబులో ఫోన్ పెడితే సగం బయటే ఉంటుంది. ఒక బ్లేజర్‌కి జేబు మూత ఉంది, ఎత్తి చూస్తే కింద జేబు లేదు. 2018లో ద పుడింగ్ అనే సైటువాళ్లు 20 బ్రాండ్ల నుంచి 80 జతల జీన్స్ తీసుకుని జేబులు కొలిచారు. ఆడవాళ్ల జీన్స్ ముందు జేబులు మగవాళ్లవాటికంటే సగటున 48 శాతం పొట్టిగా, 6.5 శాతం ఇరుకుగా ఉన్నాయట. అంటే వెడల్పులో తేడా కొంచెమే, కోత అంతా లోతులో. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు, కోపం వచ్చింది. అందుకే ఇంటికి రాగానే ఈ కోటు జేబుని టేపు పెట్టి కొలిచాను. మూతి 6.5 అంగుళాలు, లోతు 9 అంగుళాలు. చిన్న సైజు మాస్ మార్కెట్ పేపర్‌బ్యాక్ 4.25 అంగుళాల వెడల్పు, దాదాపు 6.9 అంగుళాల పొడవు ఉంటుంది. పుస్తకం పెట్టాక పైన వేళ్లు ఆడించడానికి కూడా చోటు మిగిలింది.

పాత నవలలు మళ్లీ చదవడం నిజంగా ఈ జేబు వల్లే మొదలైంది. పదహారేళ్లప్పుడు నేనూ చెల్లీ వంతులు వేసుకుని చదివిన ట్వైలైట్ సిరీస్, అదే స్టెఫనీ మేయర్ రాసిన రక్తపిశాచి ప్రేమకథ, బీరువా అడుగు అరలో పడి ఉంది. కుర్చీలో కూర్చుని 'ఇప్పుడు దీన్ని మళ్లీ చదువుతాను' అనుకుంటే చదివేదాన్ని కాదు, పక్కన ఇంకేదో పని కనబడేది. జేబులో ఉంటే వేరు. బస్సు రాకపోయినా, డాక్టర్ దగ్గర నంబర్ ఆలస్యమైనా, ఎవరినో తీసుకురావడానికి వెళ్లి బయట నిలబడినా చెయ్యి దానంతటదే లోపలికి వెళ్లేది. ఇదివరకు అదే చెయ్యి ఫోన్ కోసం వెళ్లేది. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు చొప్పున, మొదటి చలికాలం అయ్యేసరికి మొదటి పుస్తకం పూర్తయింది.

2005లో వచ్చిన ఆ మొదటి పుస్తకంలో అప్పుడు నాకు రక్తపిశాచి కుర్రాడు ఎడ్వర్డ్ తప్ప ఇంకెవరూ కనబడలేదు. ఈసారి చార్లీ కనిపించాడు. కథ చెప్పే అమ్మాయి బెల్లా వాళ్ల నాన్న. పెద్దగా మాట్లాడడు. కూతురు ఎండ ఊరి నుంచి ఫోర్క్స్ అనే ఊరికి, ఆ ఎడతెగని వానలోకి వచ్చింది. ఒక రోజు రోడ్లన్నీ మంచు గడ్డకట్టాయి. బండి జారకుండా అంత దూరం ఎలా వచ్చిందా అని బెల్లా బడి దగ్గర దిగి టైర్ల వైపు చూస్తే, వాటికి మంచులో వాడే గొలుసులు బిగించి ఉన్నాయి. పొద్దున్నే, తను లేవకముందే, చార్లీ ఆ పని చేసి ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆమె గొంతు పట్టేస్తుంది. ఆ మరుక్షణంలోనే వ్యాను దూసుకొస్తుంది, ఎడ్వర్డ్ కాపాడతాడు. పదహారేళ్లప్పుడు నేను ఆ వ్యాను కోసమే పేజీలు తిప్పాను. గొలుసుల సంగతి ఉన్నట్టు కూడా గుర్తులేదు. ఇప్పుడు బస్టాపులో నిలబడి ఆ నాలుగు వాక్యాలు రెండుసార్లు చదివాను. నాకూ గొంతు పట్టేసింది.

అలా అని అన్నీ ఇలాగే నిలబడలేదు. ఎడ్వర్డ్ రాత్రిళ్లు చెప్పకుండా ఆమె గదిలోకి వచ్చి, నిద్రపోతుంటే చూస్తూ కూర్చునేవాడని తెలిసే చోటు ఒకప్పుడు నాకు ఎంతో ఇష్టం. ఈసారి చదువుతుంటే ఇబ్బందిగా అనిపించింది. అదే కథని ఎడ్వర్డ్ వైపు నుంచి చెప్పే మిడ్‌నైట్ సన్ 2020లో వచ్చింది, అది చదివాక కూడా ఆ ఇబ్బంది పోలేదు. చెల్లికి ఫోన్ చేసి చెప్తే, "మనకప్పుడు ఎవరైనా మనల్ని అంతగా పట్టించుకుంటే చాలనిపించేదక్కా" అంది. నిజమే. పుస్తకం మీద ప్రేమ పోలేదు, కానీ ఇప్పుడు చిన్నపిల్లలకి ఇస్తే ఆ చోటు గురించి కూర్చుని మాట్లాడాకే ఇస్తాను.

ఇక జేబు తెగిన సంగతి.

రెండో చలికాలం మొదట్లో సిరీస్‌లో రెండో పుస్తకం న్యూ మూన్ జేబులోకి వచ్చింది. దాన్ని చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఎడ్వర్డ్ వెళ్లిపోయాక కొన్ని పేజీల్లో ఏమీ ఉండదు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని ఒక్కో పేజీలో ఒక్కో మాట, అంతే. మా కాపీలో అక్టోబర్ కింద చెల్లి పెన్సిల్‌తో రాసిన మాటలున్నాయి: "అక్కా, ఇక్కడ ఖాళీ వచ్చింది, ప్రింటింగ్ తప్పా?" దాని కింద నా రాత: "తప్పు కాదు. ఆ నెలల్లో ఆ పిల్లకి ఏమీ జరగలేదు." ఇది రాసినట్టే నాకు గుర్తులేదు. అప్పుడు ఆ పేజీలు రెండు క్షణాల్లో తిప్పేసి ఉంటాను. మధ్యలో ఇన్నేళ్లు గడిచాయి, ఏమీ జరగని నెలలు నాకూ వచ్చాయి, వాటిని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. రచయిత్రి నాలుగు మాటల్లో చెప్పేసింది. కథలో ఎక్కడా ఆగని నేను ఆ నాలుగు పేజీల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మర్నాడు మళ్లీ అక్కడే తెరుద్దామని బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి మూశాను.

ఆ మర్నాడు ఒక ఆఫీసులో పని. టోకెన్ తీసుకుని, ఆ కాగితం కూడా అదే జేబులో పుస్తకం పక్కన వేసి, గోడవారగా నిలబడ్డాను. కొద్దిసేపటికి పుస్తకం కోసం చెయ్యి పెడితే తగల్లేదు. ఇంకా లోపలికి పెట్టాను. చెయ్యి మోచేతి దాకా దిగిపోయింది, జేబుకి అడుగే లేదు. పుస్తకం పిక్క దగ్గర, కోటు పైగుడ్డకీ లైనింగ్‌కీ మధ్య, అంచు మడతలో కూర్చుని ఉంది. సరిగ్గా అప్పుడే నా నంబర్ పిలిచారు. టోకెన్ కూడా కిందే ఉంది. కోటు విప్పి బెంచీ మీద పరిచి, పైజామాకి నాడా ఎక్కించినట్టు బయటి నుంచి పుస్తకాన్ని పైకి నెట్టుకుంటూ వచ్చాను. చిరుగు దగ్గరికి వచ్చేసరికి అడ్డంగా తిరిగి ఇరుక్కుపోయింది. పక్కన కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చి లైనింగ్ బిగువుగా పట్టుకుంది. నేను లాగాను. బయటికి వచ్చింది కానీ అట్ట మూల మడతపడింది, అక్టోబర్ ఆకు కింది మూల చిరిగింది. పెన్సిల్ రాత ఉన్న చోటు మాత్రం బాగానే ఉంది. చేతులు వణికాయి. నా నంబర్ ఎప్పుడో దాటిపోయింది, మళ్లీ టోకెన్ తీసుకుని మరో గంట నిలబడ్డాను.

ఇంటికొచ్చి అంచు కుట్టు నాలుగు అంగుళాలు విప్పి చెయ్యి పెట్టాను. ఒక చిల్లర నాణెం, జుట్టు క్లిప్పు, మూడు బస్సు టికెట్లు, నెల రోజులుగా ఇల్లంతా వెతికిన చెవిపోగు దొరికాయి. అంటే చిరుగు ఆ రోజుది కాదు. చిన్నగా మొదలై నెల రోజులు పెద్దదవుతూ వచ్చింది, నేనే చూసుకోలేదు.

టైలర్ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ జేబు బయటికి తిరగేసి ఒక్క నిమిషంలో చెప్పేసింది. "ఇది జేబు గుడ్డ కాదమ్మా, లైనింగ్ గుడ్డే జేబుకీ వాడేశారు. ఒంటి కుట్టు. లోపల పావంగుళం కూడా గుడ్డ వదల్లేదు. తాళాల గుత్తి కూడా ఇందులోనే వేస్తున్నావా?" వేస్తున్నాను. తాళం మొన ఆ జారుడు గుడ్డని గీరి గీరి పోగులు లేపింది, పుస్తకం బరువు మిగతా పని చేసింది. ఇంత లోతైన జేబు పెట్టాలని ఆలోచించినవాళ్లు లోతుంటే బరువు పెడతారన్నది ఎందుకు ఆలోచించలేదో! నా కోపం ఇప్పటికీ తగ్గనిది ఇక్కడే. పై కుట్లన్నీ ఎంత అందంగా ఉన్నాయో! గుండీలు కూడా ఒక్కటి ఊడలేదు. కంటికి కనబడని చోట మాత్రం ఇలా చేశారు.

ఆవిడ కుడి జేబుకి లోపల మందపాటి కాటన్ డ్రిల్ గుడ్డ వేసింది. అంచులు లోపలికి మడిచి రెండు వరసల కుట్టు వేసింది. ఇంకో మంచి పని చేసింది. జేబు సంచీ పై అంచు నుంచి నడుము దగ్గరి కుట్టు దాకా లోపల చిన్న పట్టీ కట్టింది, బరువంతా జేబు మూతి మీద కాకుండా ఆ కుట్టు మీదకి పోయేలా. జేబు లోతు అరంగుళం తగ్గింది. పుస్తకం ఇంకా పూర్తిగానే పడుతుంది. మీరు ఇలాంటి కోటు కొంటే, కొన్న రోజే జేబు తిరగేసి గుడ్డ ఏదో చూడండి. పల్చగా జారుతూ ఉంటే చిరిగేదాకా ఆగకండి.

ఈ కోటు ఫిట్టింగ్ గురించి మొదట్లో నేను అందరికీ చాలా గొప్పగా చెప్పాను. ఇప్పుడు కొంచెం సర్దుకుని చెప్పాలి. ఎప్పుడూ ఒకే వైపు బరువు పెట్టడం వల్ల కుడి వైపు అంచు ఎడమకంటే కాస్త కిందికి దిగింది, అది నా వాడకం వల్లే. జేబు మూతి దగ్గర, మోచేతుల దగ్గర కార్డురాయ్ గీతల మీది నూగు అరిగి నున్నగా మెరుస్తోంది. తిరగేసి ఉతికితే, ఇస్త్రీ నేరుగా పై వైపున పెట్టకపోతే మిగతా చోట్ల బాగానే ఉంది. నాలాగా రోజూ జేబులో చెయ్యి పెట్టుకుని తిరిగేవాళ్లకి సన్న గీతల గుడ్డ కంటే లావు గీతలదే మేలేమో. నాది సన్న గీతలది.

అదే ఏడాది కొన్న మిగతావాటి గురించి రెండు మాటలు. చీలమండ దాకా ఉండే బూట్లు వారంలో అలవాటయ్యాయి, ఇప్పటిదాకా ఏ ఫిర్యాదూ లేదు. స్వెటర్ మాత్రం నెలకే చంకల కింద ఉండలు కట్టింది.

మూడో పుస్తకం ఎక్లిప్స్ కూడా జేబులోనే పూర్తయింది. నాలుగోది బ్రేకింగ్ డాన్ మాత్రం పట్టలేదు. నా దగ్గరున్నది 750 పేజీలు దాటిన హార్డ్‌బ్యాక్, చేతిలో పట్టుకుంటేనే బరువు. దాన్ని ఇంట్లో రెండు ఆదివారాల్లో ఏకబిగిన చదివాను. నాలుగింటిలో అదే తక్కువ నచ్చింది. బెల్లా స్నేహితుడు జేకబ్ గొంతుతో నడిచే మధ్య భాగం ఇప్పటికీ బాగుంది కానీ, చివరి భాగంలో అందరికీ అన్నీ దొరికిపోవడం నాకు మింగుడుపడలేదు. అయితే ఈ మాట పూర్తిగా నమ్మకంతో అనలేను. మొదటి మూడూ కాస్త కాస్త చదువుతూ, మధ్యలో రోజంతా వాటి గురించి ఆలోచిస్తూ తిరిగాను. దీనికి ఆ అవకాశం ఇవ్వలేదు.

జేబులో పట్టనిది ఇంకోటి ఉంది, 2009లో వచ్చిన షివర్ అనే వేరే నవల. మొదటి హార్డ్‌బ్యాక్ ముద్రణ నీలి సిరాతో ఉంటుంది, జేబులో పట్టదు, అయినా చేత్తో పట్టుకుని బయటికి తీసుకెళ్లాను. చలి వస్తే అందులో కథానాయకుడు సామ్ తోడేలైపోతాడు, వెచ్చగా ఉంటే మనిషిగా ఉంటాడు, అందుకే ప్రతి అధ్యాయం పైన ఆ రోజు ఉష్ణోగ్రత వేసి ఉంటుంది. చలిలో బయట నిలబడి, కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని చదువుతుంటే ఆ అంకె ఒక్కో డిగ్రీ పడుతున్నప్పుడల్లా నాకు టెన్షన్ వచ్చేది. మొదటిసారి చదివినప్పుడు ఆ అంకెల్ని అసలు చూడనేలేదు.

ఈ కోటు కొనమంటారా అని అడిగితే, మీరు జేబులో ఏం పెడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఫోన్, చేతిరుమాలు అయితే ఏ మార్పూ అక్కర్లేకుండా ఏళ్ల తరబడి వస్తుంది. నాలాగా పుస్తకాలు మోస్తే టైలర్ కూలి కూడా లెక్కలో వేసుకోండి. మరీ చలి ఎక్కువున్న చోట ఇది ఒక్కటే చాలదు, లోపల ఇంకోటి వేసుకోవాల్సిందే. నేనైతే జేబు చిరిగాక కూడా దీన్ని వదిలేయాలని ఒక్కసారి కూడా అనుకోలేదు, అందులో ఎంత భాగం కోటుదో, ఎంత భాగం ఆ పుస్తకాలదో విడదీసి చెప్పలేను.

చిరిగిన ఆకుకి వెనక నుంచి పల్చటి టిష్యూ కాగితం అతికించాను. ఆ పేజీ ఫొటో తీసి చెల్లికి పంపితే, పుస్తకం పంపమంది, తన వంతట. ఎడమ జేబు ఇంకా పాత గుడ్డతోనే ఉంది, అందులో చేతిరుమాలు తప్ప ఏమీ పెట్టడం లేదు.