ప్రశంసల పాఠం: ఒక ఆన్‌లైన్ శిక్షణ కోర్సుపై సమీక్ష

వివిధ దేశాలవారు కలిసి పనిచేసే కార్యాలయాల కోసం తయారైన ఈ ఆన్‌లైన్ కోర్సు, తోటి ఉద్యోగులను ఎలా మెచ్చుకోవాలో, ఎవరైనా మనల్ని మెచ్చుకున్నప్పుడు ఏమని బదులు చెప్పాలో నేర్పుతానంటుంది. చిన్న వీడియో పాఠాలు, వాటి వెంట రాతపని, చివరగా మన జవాబులకు మార్కులు వేసే సంభాషణ సాధన ఇందులో ఉన్నాయి. స్త్రీపురుష భేదాన్ని చర్చించిన భాగం ఈ విషయం మీద నేను చూసిన శిక్షణలన్నిటిలోకీ మేలైనది. సంస్కృతిని చర్చించిన భాగం మాత్రం నేర్చుకునేవారికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుందని నా నిశ్చితాభిప్రాయం.

ముందు మంచి భాగం సంగతి. భాషాశాస్త్రవేత్త జానెట్ హోమ్స్ న్యూజీలాండ్‌లో సేకరించిన 484 ప్రశంసలను విశ్లేషించి 1988లో ప్రచురించిన పరిశోధన ఈ పాఠానికి పునాది. ఆ ప్రశంసల్లో సుమారు 68 శాతం స్త్రీలు చెప్పినవి, సుమారు 74 శాతం స్త్రీలు అందుకున్నవి. పురుషుడు మరో పురుషుణ్ణి మెచ్చుకున్న సందర్భాలు 9 శాతమే. ఈ అంకెలను చూపి ‘స్త్రీలకు పొగడ్తలంటే ఇష్టం’ అని తేల్చేయకుండా, స్త్రీలు మెచ్చుకోలును ఎక్కువగా స్నేహాన్ని బలపరిచే మాటగా వాడుతున్నారని, అదే మాట పురుషుల మధ్య కొన్నిసార్లు తమ మీద తీర్పు చెప్పినట్టుగా, అధికారం చూపినట్టుగా వినిపించవచ్చని హోమ్స్ ఇచ్చిన వివరణను పాఠం ఓపికగా విడమర్చి చెబుతుంది. పై హోదాలో ఉన్న స్త్రీలకు అదే హోదాలోని పురుషుల కంటే దాదాపు రెట్టింపు ప్రశంసలు అందాయన్న ఫలితాన్ని కూడా వదిలిపెట్టలేదు. పై అధికారి పురుషుడైతే ఆయన పనిని అంచనా వేసే చనువు తమకు లేదని వెనుకాడేవారు, ఆ స్థానంలో స్త్రీ ఉన్నప్పుడు అంత వెనుకాడరన్న సంగతి దీనివల్ల ఆలోచనకు వస్తుంది. గౌరవం, ఆప్యాయత ఎప్పుడూ ఒకటి కావని ఇంత సూటిగా చూపిన శిక్షణ అరుదు.

దీని తరువాత వచ్చే రాతపని ఈ కోర్సు మొత్తానికీ ప్రాణం. బృందంలో ఇటీవల రాసుకున్న అభినందన సందేశాలను తీసి, పేర్లు తొలగించి, దేనిని మెచ్చుకున్నారో బట్టి విడదీయమంటారు: రూపం, స్వభావం, నైపుణ్యం, నిర్ణయం. మా బృందం సందేశాలను అలా విడదీసినప్పుడు స్త్రీల ఓపిక, సహకారం గురించిన మాటలు ఒకవైపు, పురుషుల ఆలోచన, చొరవ గురించిన మాటలు మరోవైపు పేరుకున్నాయి. ఎవరూ దురుద్దేశంతో రాయలేదు, ప్రతి సందేశమూ విడిగా చదివితే ఆత్మీయంగానే ఉంది. అయినా పదోన్నతుల చర్చ వచ్చినప్పుడు ఏ రకం మెచ్చుకోలు లెక్కలోకి వస్తుందో అందరికీ తెలుసు. ఈ ఒక్క అభ్యాసం కోసమైనా ఏ కార్యాలయమైనా ఈ భాగాన్ని తీసుకోవచ్చు.

ఇక సంభాషణ సాధన. ‘మీ నివేదిక చాలా బాగుంది’ అని తెరమీది పాత్ర అన్నప్పుడు ‘ధన్యవాదాలు’ అంటే పూర్తి మార్కులు వస్తాయి. ‘నాదేముంది, అందరి శ్రమా ఉంది’ అన్నా, ‘ఇంకా సరిదిద్దవలసినవి ఉన్నాయి’ అన్నా మార్కులు తగ్గించి, ఆత్మవిశ్వాసం పెంచుకోవాలని సలహా ఇస్తుంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టింది. మెచ్చుకున్న మనిషితో ఏకీభవించాలి, అదే సమయంలో తనను తాను పొగుడుకోకూడదు అనే రెండు నియమాల మధ్య వినేవారు ఇరుక్కుంటారని సంభాషణలను విశ్లేషించే పరిశోధకురాలు అనిటా పొమెరాంట్జ్ 1978లోనే వివరించారు. ప్రశంసను పక్కకు మళ్లించడం, మరొకరికి పంచడం, కాస్త తగ్గించి చెప్పడం ఆ ఇరుకు నుంచి మర్యాదగా బయటపడే దారులు. పైగా ఆమె పరిశీలించినది అమెరికన్ ఇంగ్లీషు సంభాషణలనే. అక్కడివారే ప్రతిసారీ నేరుగా ‘థాంక్యూ’ అని ఊరుకోరని తేలిన తరువాత, దాన్ని ప్రపంచానికంతటికీ కొలబద్దగా పెట్టడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

దేశాలవారీగా ఇచ్చిన పట్టికలోనూ ఇదే తొందరపాటు కనిపిస్తుంది. ‘చైనావారు ప్రశంసను తిరస్కరిస్తారు’ అని ఒకే వాక్యంలో ముగించారు. భాషాశాస్త్రవేత్త రాంగ్ చెన్ 1993లో ప్రచురించిన అధ్యయనంలో చైనాలోని షియాన్ నగర విద్యార్థుల జవాబుల్లో 95 శాతానికి పైగా తిరస్కరణలే కావడం నిజమే. అయితే ఆయనే మరొక పరిశోధకుడితో కలిసి అదే నగరంలో మళ్లీ పరిశీలించి 2010లో ప్రచురించిన ఫలితాల్లో, స్వీకరించిన జవాబులు దాదాపు 63 శాతానికి చేరాయి, తిరస్కరణలు 10 శాతం లోపుకు పడిపోయాయి. ఒకే ఊళ్లో ఒక తరం లోపలే ఇంత మార్పు వచ్చినప్పుడు, దేశం పేరు చూసి మనిషి జవాబును ఊహించమనడం పాఠం కాదు, అపోహను చేతికివ్వడం.

అన్నిటికంటే పెద్ద లోటు, సంస్కృతిని ఒక పాఠంలోనూ స్త్రీపురుష భేదాన్ని మరొక పాఠంలోనూ పెట్టి రెండింటినీ కలపకపోవడం. అమెరికన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల సంభాషణలను పరిశీలించిన రాబర్ట్ హెర్బర్ట్, పురుషుడు చెప్పిన ప్రశంసను, ముఖ్యంగా వినేది స్త్రీ అయినప్పుడు, ఎక్కువగా స్వీకరిస్తారని, స్త్రీ చెప్పినదానికి మాత్రం రకరకాల జవాబులు వస్తాయని 1990లో చూపారు. అంటే జవాబును నిర్ణయించడంలో వినేవారి దేశంతో పాటు చెప్పేవారెవరు, ఇద్దరి మధ్య చనువెంత అన్నవి కూడా ఉన్నాయి. సాధనలో ఎదుటి పాత్ర ఎప్పుడూ పేరూ హోదా లేని గొంతే కావడం వల్ల ఈ అవగాహన కలిగే అవకాశమే లేకుండా పోయింది.

వీడియోలు స్పష్టంగా ఉన్నాయి, ఉపశీర్షికలు చక్కగా కుదిరాయి, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టడం తేలిక. బృందాలను నడిపేవారు స్త్రీపురుష భేదం గురించిన పాఠాన్ని, దాని రాతపనిని తప్పక చేయాలి. వేరే దేశం నుంచి కొత్తగా వచ్చి చేరిన ఉద్యోగుల చేత మాత్రం, మార్కుల పద్ధతి మార్చేంతవరకు, సంభాషణ సాధన చేయించవద్దని శిక్షణ విభాగాలవారిని కోరుతున్నాను.