చిన్న హాలుకు 5.1 సౌండ్: నాలుగేళ్లు వాడాక

ఇరవై వేల లోపు దొరికే చిన్న 5.1 సెట్టు (చుట్టూ ఐదు స్పీకర్లు, లోతు శబ్దాలకి ఒక వూఫర్) గురించి నా తీర్పు ముందే చెప్పేస్తాను. సినిమాలు, సిరీస్‌లు, క్రికెట్ ఎక్కువగా చూసే ఇంటికి ఆ డబ్బుకి ఇంతకంటే మంచి బేరం లేదు. కళ్లు మూసుకుని పాటలు వినే అలవాటున్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకపోవడమే మేలు. ఈ రెండూ షోరూంలో తేలే విషయాలు కావు. అక్కడ పెట్టేది పేలుళ్లున్న డెమో వీడియో, పైగా పక్కన ఇంకో పది టీవీలు మోగుతూ ఉంటాయి.

మాది కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్. హాలు వెడల్పు పదకొండు అడుగులు. ఒక పక్క గోడ, ఇంకో పక్క డైనింగ్‌లోకి తెరిచి ఉంటుంది. సోఫా గోడకి ఆనించి ఉంటుంది, నేలంతా టైల్స్. హైదరాబాద్‌లో, విజయవాడలో సగం ఫ్లాట్ల హాళ్లు ఇలాంటివే కాబట్టి ఈ వివరం ఇస్తున్నాను. నా సెట్టు మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. మోడళ్ల పేర్లు ఏడాది తిరిగేసరికి మారిపోతాయి, నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ తరహా సెట్లన్నిటికీ దాదాపు వర్తిస్తాయి.

తరహా అంటే ఇది: టీవీ కింద ఒక బార్, అందులోనే ఎడమ, కుడి, మధ్య స్పీకర్లు. వెనక్కి రెండు చిన్న స్పీకర్లు. ఒక వూఫర్ డబ్బా, ఆంప్లిఫైయర్ కూడా ఆ డబ్బాలోనే. అన్ని వైర్లూ వూఫర్‌కే పోతాయి. టీవీకి కలపడానికి ఒక హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని వెనక్కి బార్‌కి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు), ఒక ఆప్టికల్ (శబ్దాన్ని వెలుతురుగా పంపే కేబుల్), ఇంకా బ్లూటూత్, యూఎస్‌బీ. 5.1 శబ్దాన్ని కుదించి పంపే పద్ధతుల్లో డాల్బీ డిజిటల్‌ని అర్థం చేసుకుంటుంది, డీటీఎస్‌ని చేసుకోదు. 5.1లో ఆ పాయింట్ తర్వాత ఉన్న ఒకటి వూఫర్. 120 హెర్ట్జ్ లోపు ఉండే లోతు శబ్దాల కోసం సినిమావాళ్లు విడిగా పెట్టే ట్రాక్ అది.

కొనేముందు చూసినవాటిలో మొదటిది కోఠి గుజరాతీ గల్లీలో దొరికే అసెంబుల్డ్ సెట్టు. నిజం చెప్పాలంటే అదే డబ్బుకి శబ్దం దానిదే ఎక్కువ, స్పీకర్లు కూడా పెద్దవి, పాడైతే ఏ మెకానిక్ అయినా విప్పి బాగుచేస్తాడు. కానీ ఆకారం పెద్దది, ఇంట్లో ఆడవాళ్ల ఆమోదం దొరకదు. పైగా కొన్నిటి మీద వేల వాట్లు రాసి ఉంటాయి. అది పీఎంపీఓ లెక్క, అంటే ఒక్క క్షణం అందే గరిష్ఠ శక్తి అని చెప్పుకునేది, దానికి అర్థం లేదు. ఆగకుండా ఇవ్వగల శక్తి, అంటే ఆర్ఎంఎస్, ఎంతో అడగాలి. కంపెనీ సెట్ల మీద రాసే 400 వాట్లు, 500 వాట్లు కూడా ఆరు స్పీకర్లకీ కలిపి చెప్పేవే, చాలాసార్లు పది శాతం డిస్టార్షన్ దగ్గర, అంటే శబ్దం బాగా చెడిపోయే చోట, కొలిచినవే. మా హాల్లో వాల్యూమ్ సగం దాటించాల్సిన అవసరం పండగ రోజు కూడా రాలేదు. వాట్లు చూసి సెట్టు కొనడమంటే మైలేజీ అడగకుండా స్పీడోమీటర్ మీద ఆఖరి అంకె చూసి బండి కొనడమే.

రెండోది వెనక స్పీకర్లు లేకుండా ‘వర్చువల్ సరౌండ్’ ఇస్తామనే సౌండ్‌బార్. ఇలాంటివి చాలావరకు గోడలకి శబ్దాన్ని కొట్టి తిప్పుతాయి. మా హాలుకి ఒక పక్క గోడే లేదు, ఇక తిరిగేది ఎక్కడ? పైకి శబ్దం చిమ్మే ఆట్మాస్ (తల పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) బార్లదీ అదే కథ. వాటికి చదునైన, గట్టి సీలింగ్ కావాలి. మెట్లుమెట్లుగా ఫాల్స్ సీలింగ్, లైట్ల కాలువలు, మధ్యలో ఫ్యాను ఉన్న హాల్లో డబ్బు దండగ. ‘వైర్‌లెస్ రియర్’ అన్నవి చూసి చాలామంది ముచ్చట పడతారు. వైర్‌లెస్ అంటే వూఫర్ నుంచి వైరు రాదు, అంతే. వాటిలో చాలావాటికి కరెంటు ప్లగ్గు కావాలి. సోఫా వెనక రెండు వైపులా సాకెట్ ఉన్న ఫ్లాట్ ఎక్కడైనా ఉందేమో చూడండి. బ్యాటరీతో నడిచేవి ఉన్నాయి గానీ వాటి ధర వేరే లోకంలో ఉంటుంది.

ఏవీ రిసీవర్ (శబ్దాన్ని విడదీసి స్పీకర్లకి పంచే పెద్ద ఆంప్లిఫైయర్), విడి స్పీకర్లు తీసుకోవడం అన్నిటికంటే మంచి దారి. నా బడ్జెట్‌లో కుదరలేదు, టీవీ యూనిట్ అరలో పట్టదు కూడా.

ఇక అసలు సంగతి. ఈ సెట్లు కొన్నవాళ్ల ఇళ్లకి వెళ్లినప్పుడు నేను గమనించేది ఒకటుంది: వెనక స్పీకర్లు మోగుతూ ఉంటాయి గానీ వాటిలోంచి వచ్చేది సరౌండ్ కాదు. ముందు వినిపించేదే వెనక కూడా వినిపిస్తూ ఉంటుంది. కారణం టీవీ సెట్టింగ్. డిజిటల్ సౌండ్ అవుట్‌పుట్ పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ శబ్దం) మీద ఉంటే, మామూలు ఏఆర్‌సీ గుండా పోయేది రెండు చానెళ్ల స్టీరియో మాత్రమే. సెట్టు ఆ రెండిటినే ఆరు చోట్లకి పంచిపెడుతుంది. ఆ సెట్టింగ్‌ని ‘ఆటో’ లేదా ‘డాల్బీ డిజిటల్’ మీదకి మార్చాలి. ఓటీటీ యాప్‌లు ఎక్కువగా పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్. దాన్ని పాత డాల్బీ డిజిటల్‌గా మార్చి బార్‌కి ఇచ్చే పని టీవీయే చేస్తుంది. ‘పాస్‌త్రూ’ పెడితే మాత్రం మార్చకుండా పంపుతుంది, అప్పుడు నా సెట్టు లాంటివి మూగబోతాయి. సెట్టు పాడైందని సర్వీసు వాళ్లకి ఫోన్ చేసేముందు ఈ ఒక్కటీ చూసుకోండి.

ఇంకో రెండు చిక్కులు. బ్లూటూత్‌లో టీవీ కలిపితే స్టీరియోనే వస్తుంది, పెదాలకీ మాటలకీ పొంతన కూడా కుదరదు. అందుకని హెచ్‌డీఎంఐ కేబుల్ తప్పనిసరి, అది టీవీ మీద ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి. టీవీ పాతదై ఏఆర్‌సీ లేకపోతే ఆప్టికల్ వాడుకోవచ్చు, 5.1 అందులోనూ వస్తుంది. కాకపోతే కొన్ని పాత టీవీలు తమ సొంత యాప్‌ల శబ్దాన్ని 5.1గా పంపి, బయటి డబ్బా నుంచి వచ్చేదాన్ని స్టీరియోగా కుదించి పంపుతాయి. ఇక పెన్‌డ్రైవ్‌లో సినిమాలు దాచుకునే అలవాటున్నవాళ్లకి డీటీఎస్ ట్రాక్ ఉన్న ఫైలు తగిలితే శబ్దం రాకపోవచ్చు. నాకు తెలిసిన ఓ పెద్దాయన దగ్గర అలాంటి ఫైళ్లు వందల్లో ఉన్నాయి. ఆయన అందుకే రిసీవర్ కొన్నారు.

సిగ్నల్ సరిగ్గా అందిన రోజు తేడా తెలుస్తుంది. వాన సీనులో చినుకులు సోఫా వెనక పడతాయి. జాతర సీనులో డప్పులు ఓ మూల నుంచి ఇంకో మూలకి నడుస్తాయి. ఈ డాల్బీ డిజిటల్ పద్ధతి థియేటర్లకి వచ్చింది 1992లో, ఆట్మాస్ వచ్చింది 2012లో. పాతదే అయినా చిన్న హాలుకి ఆ పాతదే సరిపోతుందని నా నమ్మకం. ఐపీఎల్‌కి అయితే ఇంకా సరదాగా ఉంటుంది. 5.1 వచ్చే చానెల్ అయితే వ్యాఖ్యాత గొంతు ముందు, జనం గోల చుట్టూ. సీరియళ్లు, వార్తలు ఎలాగూ స్టీరియోనే, వాటికి ఈ సెట్టు చేసే గొప్ప మేలేమీ లేదు.

వెనక స్పీకర్లు ఎక్కడ పెట్టాలన్నది మా ఇంట్లో చాలాకాలం నలిగిన విషయం. పుస్తకాల ప్రకారం అవి పేరుకి వెనకవే గానీ ఉండాల్సింది పక్కల్లో: కూర్చున్నవాళ్ల చెవుల వరుసకి కాస్త వెనక్కి, టీవీ వైపు నుంచి లెక్కేస్తే 110 డిగ్రీల దగ్గర, చెవి కంటే అడుగో రెండడుగులో ఎత్తున. సోఫా గోడకి ఆని ఉంటే ఆ ‘వెనక్కి’ అన్నది ఉండదు. సోఫాని అడుగు ముందుకి జరిపితే శబ్దం ఎంతో విచ్చుకుంది గానీ, నడిచే దారి ఇరుకైంది. చివరికి రాజీ ఇది: గోడ ఉన్న వైపు స్పీకర్‌ని పక్క గోడకే మేకు కొట్టి తగిలించాం. తెరిచి ఉన్న వైపు దాన్ని స్టాండు మీద, సోఫా చేయి పక్కన పెట్టాం. గోడ వైపుది సహజంగానే గట్టిగా వినిపిస్తుంది కాబట్టి దాన్ని సోఫా నుంచి కొంచెం దూరంగా జరిపాం. ఎడమ, కుడి రియర్ల లెవెల్ విడివిడిగా మార్చుకునే వీలున్న సెట్టు దొరికితే ఆ బాధ తప్పుతుంది. నాదాంట్లో రెండిటికీ కలిపి ఒకటే.

వైరు మాట చెప్పాలి. పెట్టెలో ఇచ్చే వైరు సన్నగా ఉంటుంది, పొడవు కూడా బొటాబొటి. హాలు చుట్టూ స్కర్టింగ్ వెంబడి తిప్పి తేవాలంటే చాలదు. ఎలక్ట్రీషియన్‌తో కేసింగ్ పట్టీ వేయించి, కొంచెం మందం వైరు కలిపించాం. కలిపేటప్పుడు ప్లస్సు, మైనస్సు తారుమారు కాకుండా చూసుకోవాలి. ఒక స్పీకర్‌కి తిరగబడితే శబ్దం ఆగదు, కానీ పల్చబడిపోతుంది. ఎందుకో తెలియక బుర్ర బద్దలు కొట్టుకుంటారు.

వూఫర్‌ని మూలన పెడితే బాస్ పెరుగుతుంది, అది మంచిదనే షాపువాళ్లు చెబుతారు. అపార్ట్‌మెంట్లో ఆ బాస్ కింది ఫ్లాట్‌కి కూడా పోతుంది. మా కింద ఉండే ఆంటీ ఓ రాత్రి పైకొచ్చి చాలా మర్యాదగా, “మీ సినిమాలో ఏనుగులేమైనా ఉన్నాయా బాబూ?” అని అడిగారు. అప్పటి నుంచి వూఫర్ మూల నుంచి మూడడుగులు ఇవతలికి వచ్చింది, దాని కింద పాత యోగా మ్యాట్ మడత పెట్టాం, పది దాటితే నైట్ మోడ్. నైట్ మోడ్ చేసేది ఒకటే: పెద్ద శబ్దాలని తగ్గించి, చిన్నవాటిని పైకి లేపుతుంది. వినోదం కొంత చస్తుంది, ఇరుగుపొరుగు మిగులుతారు. వూఫర్‌కి సరైన చోటు వెతకాలంటే ఓ చిట్కా ఉంది. దాన్ని కాసేపు సోఫా మీదే పెట్టి ఏదైనా బాస్ పాట మోగిస్తూ, హాల్లో నేల దగ్గర అక్కడక్కడా వంగి వినండి. ఎక్కడ గుయ్‌మనకుండా నిండుగా వినిపిస్తుందో అక్కడ పెట్టండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మా అత్తగారికి ఈ సరౌండ్ గొడవ ఏమీ పట్టదు. ఆమెకి నచ్చింది మధ్య స్పీకర్. 5.1లో మాటలు దాదాపు మొత్తం ఆ ఒక్క చానెల్లోనే వస్తాయి, దాని లెవెల్ ఒక్కదాన్నే పెంచుకోవచ్చు. టీవీ స్పీకర్లతో ఆమె వాల్యూమ్ నలభై పెట్టి కూడా “ఏమన్నాడు?” అని అడిగేవారు. ఇప్పుడు అడగడం తగ్గింది. వినికిడి కాస్త తగ్గిన పెద్దవాళ్లున్న ఇంటికి నేనైతే ఈ సెట్టుని ఈ ఒక్క కారణంతోనే కొనమంటాను.

ఇక పాటలు. ఘంటసాల పాటలు దాదాపు అన్నీ రికార్డయింది మోనోలో, అంటే ఒకే చానెల్లో. వాటిని సరౌండ్ మోడ్‌లో పెడితే ఆయన బావిలోంచి పాడుతున్నట్టు ఉంటుంది. మ్యూజిక్ మోడ్ పెట్టి, రియర్లు బాగా తగ్గిస్తే ఫర్వాలేదు. అసలు లోపం వేరే చోట ఉంది. బార్‌లో స్పీకర్లు అరచేతిలో సగం కూడా ఉండవు, వాటికి లోతు గొంతు చేతకాదు. అందుకని వూఫర్ మామూలుగా చేయాల్సిన దానికంటే పై స్వరాలు కూడా మోయాల్సి వస్తుంది. 80 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు, దానికి బాగా పైన అయితే పట్టేస్తుంది. కచేరీ పెట్టి వినండి: మృదంగం కుడి పక్క నాదం టీవీ దగ్గర మోగుతుంది, ఎడమ పక్క గుంకారం హాలు మూల నుంచి వస్తుంది. ఒక్క విద్వాంసుడు రెండు చోట్ల కూర్చున్నట్టు. మగ గొంతుల్లో నిండుదనం కూడా ఈ సందులోనే జారిపోతుంది. వూఫర్‌ని బార్‌కి దగ్గరగా జరిపితే కొంత నయమవుతుంది గానీ పూర్తిగా పోదు. అదే డబ్బుకి మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత, చిన్న ఆంప్లిఫైయర్ పాటలకి ఎన్నో రెట్లు మెరుగు.

ఇన్నాళ్లలో వచ్చిన రిపేర్లు పెద్దవేమీ కావు. రిమోట్ మీద వాల్యూమ్ బటన్ అరిగింది. హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే పని జరుగుతుంది కాబట్టి బాధ లేదు. ఈ సీఈసీని సామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. మెనూలో ఆ పేర్లతో వెతకండి. కరెంటు పోయి వచ్చాక అప్పుడప్పుడు బార్, టీవీ ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. రెండిటి ప్లగ్గులూ తీసి కాసేపాగి పెడితే మళ్లీ కలుస్తాయి. వారంటీ అయిపోయాక ఒకసారి వూఫర్‌లో చిరచిర శబ్దం వచ్చింది. సర్వీసు సెంటర్‌లో బోర్డు మొత్తం మార్చాలని, కొత్త సెట్టులో సగం ధర చెప్పారు. బయట మెకానిక్ విప్పి చూసి, ఊడిన టంకం మళ్లీ పెట్టి పంపాడు. ఆంప్లిఫైయర్, వూఫర్ ఒకే డబ్బాలో ఉన్న సెట్టుకి ఇదే రిస్కు: అది పోతే అన్నీ పోయినట్టే. ఎక్స్‌టెండెడ్ వారంటీలకి నేను సాధారణంగా వ్యతిరేకిని, దీనికి మాత్రం ధర మరీ ఎక్కువ కాకపోతే తీసుకోవచ్చు.

కొనబోయేవాళ్లు షాపులో మూడు సంగతులు కనుక్కోండి. రియర్ వైరు ఎన్ని మీటర్లు, చివర మామూలు తీగా లేక కంపెనీ సొంత ప్లగ్గా (సొంత ప్లగ్గయితే పొడిగించడం కష్టం), సెంటర్ లెవెల్ విడిగా మార్చుకోవచ్చా. సేల్స్ కుర్రాడు మూడోదానికి జవాబు చెప్పలేకపోతే రిమోట్ తీసుకుని మీరే మెనూలో చూసుకోండి.