రైతుబజారా, వారం బుట్టా: ఏది మేలు?

ప్రకృతి వ్యవసాయంలో పండిన కూరగాయలు కావాలంటే రైతుబజారుకు వెళ్లడం మేలా, లేక ఒక రైతు బృందానికి ముందే డబ్బు కట్టి వారం వారం బుట్ట తెప్పించుకోవడం మేలా? హైదరాబాదు వాళ్లూ ఇదే అడుగుతున్నారు, విశాఖ వాళ్లూ ఇదే అడుగుతున్నారు. చాలామంది ధర దగ్గరో రుచి దగ్గరో ఆగిపోతారు. నేను చూసేది వేరు. విత్తనం వేసే రోజున రైతు చేతిలో ఎవరి డబ్బు ఉంది?

ముందు రైతుబజారు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 1999 జనవరి 26న మొదలైంది. పంజాబ్‌లో ఇలాంటిదే అప్నీ మండీ 1987 నుంచే ఉంది, తమిళనాడు ఉళవర్ సందై మన తర్వాత అదే ఏడాది నవంబరులో తెరుచుకుంది. ఇన్ని ప్రభుత్వాలు మారినా మెహదీపట్నంలోనూ, ఎర్రగడ్డలోనూ, విశాఖ ఎం.వి.పి. కాలనీలోనూ తెల్లవారేసరికి సంచులతో జనం వస్తూనే ఉన్నారంటే అది చిన్న విషయం కాదు. టోకు ధర కంటే కాస్త ఎక్కువ రైతుకు, బయటి చిల్లర ధర కంటే తక్కువకు మనకు: ఇదీ లెక్క. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి పరుగెత్తినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మించింది. ఏ బుట్ట పథకం వల్లా అయ్యే పని కాదది. రోజు కూలి మీద బతికే ఇంటికి రైతుబజారు తప్ప వేరే సలహా ఇవ్వడం అన్యాయం.

అయితే రైతుబజారు ధరల బోర్డు మీద బీరకాయ అంటే బీరకాయే. యూరియా వేసి పండించినదానికీ, ఆవు పేడ, మూత్రంతో చేసే ఘనజీవామృతం వేసి పండించినదానికీ అక్కడ ఒకటే అంకె. పైగా ఎండెక్కేసరికి తోటకూర వాడిపోతుంది, అడిగిన ధరకు ఇచ్చేసి బస్సెక్కడం తప్ప రైతుకు దారి ఉండదు. ఇక అసలు రైతెవరో, రైతు పేరుతో కూర్చున్నదెవరో చూసుకోవలసిన పని మనదే. క్యారట్, క్యాబేజీ, కాప్సికం, బీన్స్ అన్నీ ఒకే కొలతలో మెరుస్తూ ఒకే దుకాణంలో పేర్చి ఉంటే అవి ఒక ఊరి పొలం నుంచి వచ్చినవి కావు. రైతు ముందు మూడు నాలుగు రకాలే ఉంటాయి. వంకాయలు ఒకటి లావు, ఒకటి సన్నం. గోంగూర కట్ట వేర్లకు ఇంకా తడి మన్ను అంటుకుని ఉంటుంది. (ఉల్లి, బంగాళాదుంప మహిళా సంఘాల దుకాణాల్లో అనుమతితోనే అమ్ముతారు, వాళ్లను అనుమానించనక్కర్లేదు.)

ఇప్పుడు నా అసలు మాట. కూరగాయల రైతుకు పెట్టుబడి బ్యాంకులో కన్నా మండీలోనే తొందరగా దొరుకుతుంది. విత్తనాలకూ, మందులకూ, కూలీలకూ కమిషన్ ఏజెంటు డబ్బిస్తాడు. బదులుగా పంట అతని మండీకే రావాలి. వేలం అయ్యాక కమిషనూ, హమాలీ ఖర్చూ, పాత బాకీ పోగా మిగిలింది రైతుది. అలా బాకీపడిన రైతు దగ్గర రైతుబజారులో అమ్ముకోవడానికి ఇచ్చే గుర్తింపు కార్డు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. సరుకు మీద హక్కు అప్పటికే రైతు చేయి దాటిపోయింది. రైతుబజారు దళారిని అమ్మకం దగ్గర తప్పించింది కానీ పెట్టుబడి దగ్గర తప్పించలేదు.

బుట్ట దళారిని తప్పించగలిగేది సరిగ్గా అక్కడే. జపాన్‌లో 1970లలో తేయికేయి పేరుతో, అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లో మొదలైన పద్ధతి ఇది: తినేవాళ్లు పంట కాలానికి ముందే డబ్బు కడతారు, పండితే నిండు బుట్ట తీసుకుంటారు, వాన ముంచితే సగం బుట్టతో సర్దుకుంటారు. ఆ డబ్బు వడ్డీ లేని పెట్టుబడి. వానకూ చీడకూ పోయే నష్టంలో మనకూ వాటా ఉంటుంది. మన దగ్గర బుట్ట పేరుతో నడిచేవాటిలో చాలా వాటికి ఈ గుణం లేదు. నచ్చని వారం మానేయవచ్చు, లేని కూర ఎక్కడి నుంచో తెచ్చి నింపుతారు. అది ఇంటికి వచ్చే కూరగాయల బండి, అంతే. దానికి ఎక్కువ ధర ఇవ్వడం దండగ.

నిజమైన బుట్టకూ ఇబ్బందులున్నాయి. ధర ఎక్కువ. ఎంపిక మనది కాదు. సొరకాయ కాపు మీదుంటే సొరకాయే వస్తుంది: సోమవారం పులుసు, మంగళవారం పాలు పోసిన కూర, బుధవారం తొక్కల పచ్చడి, గురువారానికి ఇంట్లో అందరూ వంట చేసేవాళ్ల మొహం చూస్తారు. వేసవిలో బుట్ట అడుగు కనిపిస్తుంది. ఇవన్నీ తెలిసీ నేను బుట్ట వైపే మొగ్గుతాను, నెల జీతం నిలకడగా వచ్చే ఇళ్ల వరకు.

నమ్మకం ఎలా అంటారు. ప్రభుత్వ పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) పద్ధతిలో కనీసం అయిదుగురు రైతులు బృందంగా చేరి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు, ఆ పత్రం ఉంటే అడగండి. చిన్న రైతు నేరుగా తినేవాళ్లకు అమ్మితే 2017 నాటి సేంద్రియ ఆహార నిబంధనలు ధ్రువపత్రం నుంచి మినహాయింపు ఇచ్చాయి. కాబట్టి కాగితం లేదని తోసిపుచ్చకండి, పొలం చూడనిస్తారా అని అడగండి.

ఆర్గానిక్ దుకాణాల్లో పప్పులు, బియ్యం, చిరుధాన్యాలకు సేంద్రియమని తెలిపే జైవిక్ భారత్ గుర్తు చూసి కొనవచ్చు, కూరగాయలకు మాత్రం అంత డబ్బు పెట్టనక్కర్లేదు. మిద్దె తోట ఓపికున్నవాళ్లకు.

ప్రభుత్వం పండించడం బాగానే నేర్పుతోంది. 2016 నుంచి ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి దక్కింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం 2,481 కోట్లతో జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్ ఆమోదించింది, కోటి మంది రైతులకు చేర్చాలని లక్ష్యం. అమ్మకం మాత్రం వెనకబడింది. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రకృతి వ్యవసాయ శనగలు కొని మంచి దారి చూపింది, ఎందుకంటే అంత పెద్ద కొనుగోలుదారు ఉంటే రైతుకు ముందే తెలుస్తుంది. కూరగాయలకూ అది కావాలి. రైతుబజారులో షెడ్డుంది, తూకముంది, బస్సుంది. ఒక మూల బుట్టలు అందించే చోటు కేటాయిస్తే ఇంటింటికీ తిప్పే ఖర్చు తగ్గుతుంది, బుట్ట ధర మధ్యతరగతికి అందుతుంది. పంట పోయిన ఏడాది రైతుకూ చందాదారుకూ కొంత భరోసా నిధి కూడా ఉంటే ముందు డబ్బు కట్టడానికి జనం జంకరు.

చేరదలచినవాళ్లు డబ్బు ఏరువాక రోజుల్లో, జూన్‌లోనే కట్టండి, రైతుకు అవసరం అప్పుడే. నిండు బుట్టలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వస్తాయి, అంతకు ముందు ఆకుకూరలు, తీగ కాయలతో సరిపెట్టుకోవాలి. ఉల్లి, బంగాళాదుంప, అల్లం బుట్టలో వెతక్కండి, వాటికి ఎలాగూ రైతుబజారుకే వెళ్లాలి.