జాగ్రత్త: ‘10 ఏళ్ల వారంటీ’ స్టిక్కర్ చూసి ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ కొనకండి

ఆ 10 ఏళ్లు చాలా మోడళ్లలో మోటారుకు మాత్రమే. మిగతా మెషీన్‌కు మామూలుగా 2 ఏళ్లే. వీటిలో ఉండే ఇన్వర్టర్ మోటారులో (ఎలక్ట్రానిక్స్‌తో వేగం మార్చుకునే మోటారు) రాసుకుని అరిగే కార్బన్ బ్రష్‌లు ఉండవు, అరిగేదే తక్కువ. ముందుగా పోయేవి బేరింగులు, పీసీబీ (మెషీన్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు), డ్రెయిన్ పంపు, హీటరు, డ్రమ్ము వెనక దాన్ని షాఫ్టుకు పట్టి ఉంచే చేతుల్లాంటి లోహపు భాగం స్పైడర్. వాటికి ఆ స్టిక్కర్ వర్తించదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ బేరింగు దగ్గర తగులుతుంది. డ్రమ్మును తిప్పే షాఫ్టు రబ్బరు సీలు అరిగితే సబ్బునీళ్లు లోపలికి దిగి గ్రీజు కొట్టుకుపోతుంది, బేరింగు తుప్పు పడుతుంది. బేరింగు ఖరీదు వందల్లోనే. కానీ చాలా మోడళ్లలో బయటి ప్లాస్టిక్ టబ్బును బోల్టులతో బిగించకుండా వెల్డింగ్ చేసేస్తున్నారు. విప్పే దారి లేక టబ్బు సెట్టు మొత్తం మార్చాలంటారు, బిల్లు వేలల్లోకి పోతుంది. కొనే ముందే సర్వీస్ సెంటర్‌కు మోడల్ నంబరు చెప్పి ‘బేరింగు విడిగా మారుస్తారా, టబ్బు మొత్తమా?’ అని అడగండి. షోరూంలో వాళ్లకు ఇది చాలాసార్లు తెలియదు.

స్టార్ రేటింగ్ కొత్త మెషీన్‌ను ల్యాబులో పరీక్షించి ఇచ్చేది. మన బోరు నీళ్లు వేరు. తాగునీటి కాఠిన్యానికి (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలకు) భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు లేకపోతే 600 వరకు. చాలా బోర్లు ఆ 200 దాటేస్తాయి. ఆ లవణాలు హీటరు మీద తెల్లటి పెచ్చు కడితే నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి హీటరే పోతుంది.

ఎప్పుడూ చన్నీళ్ల వాష్, పైగా సర్ఫు ఎక్కువ వేయడం ఇంకో తప్పు. చన్నీళ్లతో కరెంటు మిగిలే మాట నిజమే. కానీ సబ్బు జిడ్డు స్పైడర్‌కు పట్టి, ఆ అల్యూమినియం మిశ్రమాన్ని తినేస్తుంది. నెలకోసారి బట్టలు లేకుండా 60 డిగ్రీల్లో ఒక సైకిల్ నడపండి. పెచ్చు కడుతుంటే రెండు మూడు నెలలకోసారి అందులో 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేయండి. దానితో బ్లీచ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

వారంటీ 2 ఏళ్లు నిండడానికి నెల ముందు ప్లగ్గు తీసి, డ్రమ్ము అంచు పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. టబ్బుతో కలిసి ఊగితే ఫర్వాలేదు. డ్రమ్ము ఒక్కటే లొటలొటలాడినా, చేత్తో తిప్పితే గరగరమన్నా బేరింగు పోతున్నట్టే. వెంటనే కంప్లైంట్ పెట్టి నంబరు రాసుకోండి. గడువు దాటాక కూడా ఆ తేదీయే మీకు సాక్ష్యం. సర్వీస్ వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.