కాంటర్‌బరీలో అమ్మతో రెండు రాత్రులు

నవంబరు మొదట్లో అమ్మను ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ తీసుకెళ్లాను. అమ్మది నంద్యాల, నర్సుగా చేసి రిటైరైంది. 2025 అక్టోబరు 3న సారా ములాలీని అక్కడి కొత్త ఆర్చిబిషప్‌గా, అంటే ఇంగ్లండ్ సంఘం (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) బిషప్పులందరికీ పెద్దగా ప్రకటించారు. ఆ పదవికి వచ్చిన తొలి మహిళ అని నేను సంబరపడుతుంటే, అమ్మ మాత్రం "ఆమె మా నర్సేనంటమ్మా!" అని పొంగిపోయింది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి హైస్పీడ్ రైలు ఎక్కితే గంటలో కాంటర్‌బరీ వెస్ట్. విక్టోరియా నుంచి కూడా రైళ్లున్నాయి కానీ ఆలస్యం. పెద్దవాళ్లు వెంట ఉంటే మొదటిదే నయం.

బసలో మాత్రం దెబ్బతిన్నాం. మొదటి రాత్రి ఫొటోలు చూసి బుక్ చేసిన ఓ పాత ఇంట్లో మా గది మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు, మెట్లు నిచ్చెనలా ఉన్నాయి. ఆ సంగతి ముందే రాసి ఉంటే మేం వెళ్లేవాళ్లమే కాదు. మోకాళ్లు పట్టుకుని ఎక్కుతున్న అమ్మను చూస్తే ఏడుపొచ్చింది. మర్నాడు కెథడ్రల్ (ఆర్చిబిషప్ పెద్ద చర్చి) ఆవరణలోనే ఉన్న లాడ్జికి మారాం. ధర ఎక్కువే. కానీ సందర్శకులంతా వెళ్లిపోయాక, లైట్ల వెలుగులో ఆ గోపురాన్ని చూస్తూ అమ్మతో నెమ్మదిగా నడిచాను. ఆ ఖర్చుకు నాకు బాధ లేదు.

కెథడ్రల్ లోపలికి టికెట్ ఉంది. ఆరాధనకు వచ్చేవాళ్లకు మాత్రం ఉచితం. 1170లో అప్పటి ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను నరికి చంపిన చోటు దగ్గర జనం ఎక్కువ. నన్ను నిలిపేసినవి ఆయన సమాధి ఉన్న చోటికి ఎక్కే మెట్లు. యాత్రికుల రాకపోకలకు రాయి మధ్యలో గిన్నెలా గుంటపడింది. అమ్మ వంగి అరచేత్తో తడిమింది. సమాధిని 1538లో ఎనిమిదో హెన్రీ తీయించేశాడు. ఇప్పుడు అక్కడ ఒక్క కొవ్వొత్తి వెలుగుతూ ఉంటుంది.

మేం వెళ్లినప్పుడు స్తంభాల మీద రంగురంగుల గ్రాఫిటీ అక్షరాలున్నాయి. 'దేవుణ్ని ఏం అడుగుతారు?' అంటే జనం చెప్పిన ప్రశ్నలు. వాటిని అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్ కూడా విమర్శించాడు. అవి తాత్కాలికంగా అతికించినవే, రాయికి ఏమీ కాదు. నాకైతే తప్పనిపించలేదు. కీర్తనల్లో దావీదు అడిగినవీ ఇలాంటివే కదా!

బలిపీఠం వెనక, ఇక్కడి మొదటి ఆర్చిబిషప్ అగస్టీను పేరున్న రాతి కుర్చీ ఉంది. కొత్త ఆర్చిబిషప్‌ను కూర్చోబెట్టేది ఇందులోనే. ములాలీకి ముందున్న ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ 2024 నవంబరులో రాజీనామా ప్రకటించాడు. పిల్లల్ని హింసించిన జాన్ స్మైత్ వ్యవహారంలో ఆయన చేయాల్సినంత చేయలేదని విచారణ నివేదిక తేల్చింది. ఆ దెబ్బలు తిన్న పిల్లలే నాకు ఆ కుర్చీ ముందు గుర్తొచ్చారు. కొత్త ఆర్చిబిషప్ ములాలీ ముందుగా వాళ్ల మాట వినాలి. మహిళ కాబట్టే ఆవిణ్ని ఒప్పుకోబోమంటున్న సంఘాలూ ఉన్నాయి.

గైడుగా ఉన్న పెద్దాయనతో అమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది, "మా నంద్యాలలో 2013లోనే లేడీ బిషప్ వచ్చారండీ" అని. నిజమే. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో తొలి మహిళా బిషప్ పుష్పలలిత గారు. ఇంగ్లండ్ సంఘంలో తొలి మహిళా బిషప్ 2015లో గానీ రాలేదు. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, నంద్యాల స్పెల్లింగ్ అడిగి మరీ రాసుకున్నాడు.

సాయంత్రం ఐదున్నరకు పాటల ఆరాధన. ఒక్కటే చూసే టైముంటే టికెట్ మానేసి దీనికి వెళ్లండి. మరియమ్మ కీర్తన మొదలవగానే అమ్మ తెలుగులో పెదవులు కదిపింది, "నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది" అని.

తిరిగొచ్చే రోజు పొద్దున సెయింట్ మార్టిన్స్ చర్చికి నడిచాం. కొన్ని గంటలే తెరుస్తారు, చూసుకుని వెళ్లండి. గోడల్లో రోమన్ ఇటుకలు కనిపిస్తాయి. 597లో అగస్టీను సువార్తతో వచ్చేసరికే బెర్తా రాణి అక్కడ ప్రార్థన చేసుకుంటూ ఉందట. లోపల మేమిద్దరమే ఉన్నాం. "రైలు టైమవుతోందమ్మా" అన్నాను. "తర్వాతి రైలుకు పోదాంలే, ఇంకాసేపు కూర్చోనీ" అంది.